పది మాటల జట్టు

ఉద్యోగం విరమించి ఏడేళ్ళయినా ఆయన్ని అందరూ డ్రిల్లు మాస్టారనే పిలిచేవారు. ముప్ఫై ఆరేళ్ళపాటు ఒకే స్కూల్లో పిల్లల చేత పరుగులు తీయించి, వాలీబాల్ ఆడించి, ఓడిపోయిన జట్టును కూడా నవ్వించి ఇంటికి పంపిన మనిషి ఆయన. గొంతు ఎంత పెద్దదంటే, ఇంట్లో కాఫీలో చక్కెర తక్కువైతే ఆ సంగతి వీధి చివరివాళ్ళకు కూడా తెలిసిపోయేది. ఆయన భార్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి దిగిపోయింది. ఆవిడ గొంతు మెత్తన. కానీ ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లేదో వేరే చెప్పక్కర్లేదు.

ఒక ఆదివారం పొద్దున పాత విద్యార్థులు సరదాగా వాలీబాల్ ఆడుకుంటూ మాస్టారిని రిఫరీగా కూర్చోబెట్టారు. మూడో సెట్టులో, పాయింటు పోగొట్టుకున్న జట్టుకే ఆయన సర్వీసు ఇచ్చేశారు. అందరూ వేళాకోళమనుకుని నవ్వారు. ఆయనా నవ్వేశారు. కాసేపటికి స్కోరెంతని ఎవరో అడిగారు. మాస్టారికి స్కోరు గుర్తు రాలేదు. స్కోరు మాట అలా ఉంచి, ఆడుతున్నది ఎన్నో సెట్టో కూడా తట్టలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకతను నెమ్మదిగా వచ్చి, "ఎండగా ఉంది సార్, మీరు నీడలో కూర్చోండి, నేను చూసుకుంటాను" అన్నాడు. ఎండేమీ లేదని మాస్టారికీ తెలుసు.

ఆ వారంలోనే భార్య ఆయన్ని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. అక్కడి నుంచి ఇంకో డాక్టరు, ఒక స్కానింగు, రెండు రక్తపరీక్షలు. చివరికి మెదడు జబ్బుల పరిశోధన కేంద్రంలో, నెరిసిన జుట్టూ కాన్వాసు బూట్లూ ఉన్న పెద్ద డాక్టరమ్మ ముందు తేలారు.

"మాస్టారూ, వయసుతో అందరికీ వచ్చే మరుపు కంటే మీది కాస్త ఎక్కువ," అందావిడ. "మీ పనులు మీరే చేసుకుంటున్నారు కాబట్టి ఇప్పటికి దీన్ని స్వల్ప మతిమరుపు అంటాం. కాకపోతే మీ మెదడులో ఒకరకం ప్రొటీను పేరుకుపోతోందని స్కాన్‌లో కనిపించింది. అది అల్జైమర్స్‌కి తొలి మెట్టు. ఊరుకుంటే ముదరొచ్చు."

"ఊరుకోకపోతే?"

"ఆ ప్రొటీన్ని కడిగేసే మందు ఒకటి పరిశోధనలో ఉంది. అది పనిచేస్తుందో లేదో నాకూ తెలీదు. తెలుసుకోవడానికే ఇదంతా."

ఆవిడ దేన్నీ దాచకుండా చెప్పింది. నెలకోసారి, గురువారం నాడు వచ్చి గంటసేపు చేతికి సూది పెట్టించుకుని కూర్చోవాలి. చేరినవాళ్ళలో సగంమందికి మందు ఎక్కిస్తారు, సగంమందికి ఉప్పునీళ్ళు ఎక్కిస్తారు. ఎవరికి ఏది వెళ్తోందో పేషెంటుకూ తెలీదు, డాక్టరుకూ తెలీదు. మందు వల్ల ఒక్కోసారి మెదడులో వాపు రావచ్చు, అందుకని మధ్యమధ్యలో స్కానింగులుంటాయి. ఆరునెలలకోసారి జ్ఞాపకశక్తి పరీక్ష. పేషెంటుతోపాటు ఆయన్ని రోజూ దగ్గరుండి చూసే తోడుమనిషి ఒకరు ప్రతిసారీ రావాలి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానేయొచ్చు.

"మొత్తం ఎన్నాళ్ళాట?" అన్నారు మాస్టారు.

"ఏడాదిన్నర."

మాస్టారు భార్యవైపు చూశారు. ఆవిడ అప్పటికే హ్యాండ్‌బ్యాగులోంచి పెన్ను తీసింది.

మందు ఎక్కించే గదిలో వెనక్కి వాలే కుర్చీలు ఐదున్నాయి. మొదటి గురువారం ఐదుగురూ ఐదు గోడలు వెతుక్కుని చూస్తూ కూర్చున్నారు. గదికి నాలుగే గోడలు కాబట్టి ఐదో ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆయన బస్సు డ్రైవరు, కోడలు తోడొచ్చింది. పక్క కుర్చీలో లైబ్రరీ మేడమ్, తోడు తమ్ముడు. ఆ తర్వాత పూలకొట్టు అక్కాచెల్లెళ్ళు. పెద్దక్క పేషెంటు, చిన్నక్క తోడు. కిటికీ పక్కన టైలరు, పక్కన ఆయన భార్య. ఎవరూ నోరు విప్పడం లేదు. సూది పెట్టే నర్సు కూడా గుసగుసగా మాట్లాడుతోంది.

మాస్టారికి ఆ నిశ్శబ్దం గిట్టలేదు. ఫైనల్సుకు ముందే ఓడిపోయిన జట్టులా ఉన్నారు అందరూ.

"ఏమండీ, మనం వచ్చింది వైద్యానికా, సంతాపసభకా?" అన్నారు. ఆ గొంతుకు కారిడార్లో ఎవరిదో ట్రే కిందపడింది.

పూలకొట్టు పెద్దక్క కిసుక్కున నవ్వింది. అంతే, ఆ రోజు నుంచి ఆ గది తీరే మారిపోయింది. రెండో గురువారానికి డ్రైవరూ మాస్టారూ బావా బావా అని పిలుచుకున్నారు. మూడో గురువారానికి టైలరు భార్య ఐదుగురికీ సరిపడా బిస్కెట్లు తెచ్చింది. టైలరు అందరి చొక్కాలూ చూసి ఎక్కడ కుట్టు తప్పిందో చెప్పేవాడు. డ్రైవరు తన ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో బస్సెక్కిన వింత మనుషుల గురించి చెప్పేవాడు. చెప్పిన కథే మళ్ళీ చెప్పినా ఎవరికీ ఇబ్బంది లేదు. సగంమంది మర్చిపోయేవారు, మిగిలిన సగం మర్యాదకు మళ్ళీ నవ్వేవారు.

"ఈ జబ్బులో ఇదొక్కటీ సుఖం బావా," అనేవాడు డ్రైవరు. "ఏ కథా పాతబడదు."

ఈ సరదాకంతా గండి కొట్టింది ఆరో నెల పరీక్ష.

పరీక్ష పెట్టే అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. మాస్టారు ఆమెకు పరీక్షలమ్మాయి అని పేరు పెడితే అదే స్థిరపడింది. చిన్న గది, బల్ల, రెండు కుర్చీలు, చేతిలో గడియారం. ఆమె పది మాటలు ఒక్కొక్కటిగా చదువుతుంది. విన్నవాళ్ళు గుర్తున్నన్ని తిరిగి చెప్పాలి. అలా మూడుసార్లు. ఇంకా బొమ్మలు గీయడం, తేదీలు చెప్పడం లాంటివి ఉంటాయిగానీ, అందరి ప్రాణాలూ తోడేసేది ఆ పది మాటలే.

ఆ రోజు లైబ్రరీ మేడమ్ పరీక్ష గదిలోంచి బయటికొచ్చి కుర్చీలో కూలబడింది. "ముప్ఫై వేల పుస్తకాలుండేవి మా లైబ్రరీలో," అంది. "ఏది ఏ బీరువాలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. ఇప్పుడు మూడు మాటలు. మూడే మూడు." కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు ఏం చేయాలో తోచక ఆవిడ చెప్పులు సరిచేస్తూ కూర్చున్నాడు.

తన జట్టులోని మనిషి ఏడుస్తోంది, తను చూస్తూ కూర్చున్నాడు. మాస్టారి జీవితంలో అలా ఎన్నడూ జరగలేదు.

పన్నెండో నెల పరీక్షలు దగ్గరికొచ్చేసరికి ఆయన ఒక ఉపాయం పన్నారు. ఈసారి పరీక్షలు రోజుకొకరికి చొప్పున సోమవారం నుంచి శుక్రవారం దాకా పెట్టారు. డ్రైవరు, లైబ్రరీ మేడమ్, పెద్దక్క, టైలరు, మాస్టారు, అదీ వరస. ఐదుగురికీ చదివేది ఒకే పది మాటలని ఆరో నెలలోనే వాళ్ళకు తెలిసింది. మాస్టారు జట్టును సమావేశపరిచారు.

"లోపల్నుంచి బయటికి రాగానే, మెట్లు దిగకముందే మా ఇంటికి ఫోన్ చేయాలి. ఒకటి గుర్తుంటే ఒకటి, రెండు గుర్తుంటే రెండు. మా ఆవిడ రాసిపెడుతుంది. ఎవరి దగ్గరా మొత్తం ఉండదు, కానీ అందరివీ కలిపితే పదీ వస్తాయి."

"మరి మొదట వెళ్ళే మాకేంటి లాభం?" అన్నాడు డ్రైవరు.

"ఈసారి మీరు అందించండి, టైలరూ నేనూ కొడతాం. ఆరు నెలల తర్వాత వరస తిప్పేద్దాం. జట్టు గెలవాలి బావా, ఎవరు కొట్టారన్నది కాదు."

"బయటికెళ్ళి ఎవరికీ చెప్పకండి అంటుంది కదా ఆ అమ్మాయి?" అంది లైబ్రరీ మేడమ్ అనుమానంగా.

"అనడం ఆమె ఉద్యోగం," అన్నారు మాస్టారు.

ఆ వారం మాస్టారి భార్య మళ్ళీ ఎక్స్ఛేంజిలో కూర్చున్నట్టే ఫోను పక్కన కూర్చుంది. సోమవారం డ్రైవరు, "గొడుగు, మేక, పడవ" అన్నాడు. మంగళవారం మేడమ్, "ఉత్తరం, తలుపు, దువ్వెన... ఇంకోటి పొగ అనుకుంటాను" అంది. బుధవారం పెద్దక్క ఫోనులో నాలుగు మాటలు చెప్పింది, "రాణి, సబ్బు, నిచ్చెన, మేక". మేక ముందే వచ్చేసింది. మిగిలినవి మూడూ కొత్తవి. ఆవిడ లెక్క చూసుకుంది. మొత్తం పది.

"ఏవండీ, లైను కలిసింది!" అని కేకేసింది. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆవిడ అంత గట్టిగా అరవడం మాస్టారు వినలేదు.

ఆ సాయంత్రమే టైలర్ని ఇంటికి పిలిపించి, మాస్టారు ఆ పది మాటలతో ఒక కథ అల్లారు. రాణిగారు సబ్బు రుద్దుకుని స్నానం చేసి, దువ్వెనతో దువ్వుకుని, తలుపు తీసి, గొడుగు వేసుకుని పడవెక్కింది. పడవలో ఒక మేక ఉంది. అది రాణిగారి ఉత్తరం నమిలేసింది. రాణిగారికి కోపమొచ్చి నిచ్చెనెక్కి చూస్తే దూరాన పొగ. ఈ కథను టైలరు చేత ఇరవైసార్లు చెప్పించారు, గదిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిపిస్తూ. మేక దగ్గరికి వచ్చినప్పుడల్లా టైలరు తనకు తెలియకుండానే దవడలు ఆడించేవాడు.

గురువారం టైలరు విజయగర్వంతో బయటికొచ్చాడు. శుక్రవారం మాస్టారు వెళ్ళారు. పరీక్షలమ్మాయి చదవడం పూర్తిచేయగానే ఊపిరి తీసుకోకుండా పదీ అప్పజెప్పేశారు. రెండోసారి ఆమె మాటల వరస మార్చి చదివింది. మాస్టారు మాత్రం మళ్ళీ రాణిగారి స్నానంతోనే మొదలుపెట్టారు. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. మూడోసారీ అయ్యాక, మిగతా పరీక్షలన్నీ ముగిశాక, పెన్నుకు మూత పెట్టి అంది.

"మాస్టారూ, పడవ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అంటే?"

"నేను పడవ అని చదవలేదు. వంతెన అని చదివాను. మూడుసార్లు చదివాను. మీరు మూడుసార్లూ పడవే అన్నారు. నిన్న టైలరు గారు కూడా పడవే అన్నారు. ఆయనా సబ్బు ముందు రాణినే చెప్పారు. పైగా మేక అనగానే నమిలి చూపించారు."

మాస్టారు మనసులో డ్రైవరు బావను పదిసార్లు తిట్టుకున్నారు.

"సోమ, మంగళ, బుధవారాల్లో వచ్చినవాళ్ళకు మామూలుగానే ఉంది. గురువారం నుంచి ఉన్నట్టుండి జబ్బే మాయమైపోయింది," అంది ఆ అమ్మాయి. కోపంగా అనలేదు. అదే మాస్టారికి కష్టమనిపించింది. "ఒక్కటడుగుతాను. మీ రోజుల్లో ఓడిపోతున్న జట్టుకు జాలిపడి దొంగ పాయింట్లు వేశారా ఎప్పుడైనా?"

"ఛ! నేనా? ముప్ఫై ఆరేళ్ళలో ఒక్కసారి..." అంటూనే మాస్టారు ఆగిపోయారు.

"ఈ మార్కులు మీవి కావు మాస్టారూ. మీకు మూడు వచ్చినా పది వచ్చినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. ఇవి మందుకొచ్చే మార్కులు. రేపు ఈ కాగితాలు చూసే, ఆ మందు ఇంకెంతోమందికి ఎక్కించాలా వద్దా అని తేలుస్తారు. మీకూ తెలుసు కదా, దానివల్ల మెదడు వాయొచ్చు. అది పనిచేయనిదైతే? మీరు దయతలచి పాస్ చేశారని అందరికీ ఎక్కించేస్తే? లేకపోతే మంచి మందే, మీకు వెళ్తున్నది ఉప్పునీళ్ళనుకోండి. ఉప్పునీళ్ళకే పది వచ్చాయి, ఇక మందెందుకు అనుకుని దాన్ని పారేస్తే?"

"మేడమ్ ఏడ్చిందమ్మా," అన్నారు మాస్టారు. ఆయన గొంతు అంత చిన్నగా కూడా పలుకుతుందని ఆ గదికి అప్పుడే తెలిసింది.

"తెలుసు. ఆ రోజు నేనూ ఏడ్చాను," అంది పరీక్షలమ్మాయి. "ఆవిడ మూడు చెప్తే మూడే రాయాలి నేను. అది నా పని. ఇది కూడా నేను డాక్టరమ్మకు చెప్పాలి. మీరే చెప్తానంటే రేపు పొద్దున పదింటిదాకా ఆగుతాను."

ఇంటికి వెళ్ళి మాస్టారు జరిగింది చెప్పారు. భార్య బీన్సు తుంచుతోంది.

"దొంగిలించింది మాటలేగా, బీరువా తాళాలు కావుగా," అంది మొదట. తర్వాత ఒక్కొక్క బీన్సునూ మరీ చిన్న ముక్కలు చేయడం మొదలుపెట్టింది. ఆవిడ అలా చేసిందంటే లోపల ఏదో నలుగుతోందని మాస్టారికి తెలుసు.

"ఏమోయ్, ఏంటి?"

"నన్నూ అడుగుతారుగా. ఆ అమ్మాయే. మీరు లేకుండా వేరే గదిలో."

"అవును. తోడుమనిషివి కదా."

"నలభై ప్రశ్నలు. అడిగిందే అడుగుతున్నారా, తెలిసిన దారిలో తప్పిపోయారా, పొయ్యి కట్టేయడం మర్చిపోయారా... అన్నిటికీ లేదు లేదు అని రాయిస్తూ వచ్చాను. మొదటి రోజు నుంచీ."

"మర్చిపోలేదుగా మరి?"

ఆవిడ చేయి తుడుచుకుని ఆయన పక్కన కూర్చుంది. "పొయ్యి మూడుసార్లు. కుళాయి లెక్కేలేదు. పోయిన వర్షాకాలంలో ఒక రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని స్కూలుకెళ్ళిపోయారు మీరు. గ్రౌండులో ఒక్కరే నిలబడి విజిల్ ఊదుతున్నారట. వాచ్‌మన్ ఫోన్ చేస్తే నేను ఆటోలో వచ్చాను. ఇద్దరం నడుచుకుంటూ వెనక్కొచ్చాం. వాకింగుకు వెళ్ళొచ్చామని చెప్పాను మీకు."

మాస్టారు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించారు. వాన చినుకులు, ఆవిడ గొడుగు, దారిలో తాగిన టీ గుర్తున్నాయి. అది మంచి వాకింగే. స్కూలు మాత్రం లేదు. ఎంత వెతికినా లేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆ అమ్మాయి ముందు మా ఆయన ఇలా చేశాడని ఎలా చెప్పమంటారు? మీరు ఎలాంటి మనిషని..." ఆవిడ ఆయన చొక్కా గుండీ సరిచేసింది. "ఒక ఊళ్ళోవాళ్ళ మాటలు ఇంకో ఊరికి మోయలేదా నేను, ఇరవై ఎనిమిదేళ్ళు? ఎక్కడా ఒక్క మాట బయటికి పొక్కనివ్వలేదు. అదే అలవాటు."

మాస్టారికి దుఃఖం వస్తుందేమో అనిపించింది. తీరా వచ్చింది నవ్వు. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా. "అయితే నేను మార్కులు దొంగిలిస్తే నువ్వు ప్రోగ్రెస్ కార్డే దిద్దేశావన్నమాట! మనిద్దర్నీ ఒకే బెంచీ మీద నిలబెట్టాలి."

ఆవిడకు కూడా నవ్వాగలేదు. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ఆ రాత్రి భోజనంలో బీన్సు పొడిపొడిగా ఉన్నాయని మాస్టారు వీధి మొత్తానికీ చాటారు.

మర్నాడు పొద్దున పదికి ఐదు నిమిషాల ముందే పెద్ద డాక్టరమ్మ గది ముందు ఐదుగురూ, వాళ్ళ తోడుమనుషులూ బారుగా నిలబడ్డారు. మాస్టారు రాత్రే అందరికీ ఫోన్ చేయించారు. లోపలికి వెళ్ళాక ఆయన ఒక అడుగు ముందుకేసి, తప్పంతా తనదేనని చెప్పారు. వెంటనే డ్రైవరు అడ్డం వచ్చాడు.

"ఆయన మాట నమ్మకండి డాక్టరమ్మా. పడవ నాది. ఆ పడవే లేకపోతే వీళ్ళు దొరికేవాళ్ళు కాదు."

"బావా, నువ్వు ఒప్పుకుంటున్నావా, గొప్పలు పోతున్నావా?" అన్నారు మాస్టారు.

టైలరు చేతులు కట్టుకుని, "మేకను నేను మరీ ఎక్కువ చేశాను," అన్నాడు. పెద్దక్క ఏదో చెప్పబోయి మర్చిపోయి, "నాదీ ఉంది, ఏంటో గుర్తులేదు," అంది. పరీక్షలమ్మాయి కిటికీ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదలడం చూసి నవ్వుతోందని అందరికీ అర్థమైంది.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఒక్కొక్కరికి మూడు నాలుగు గుర్తున్న మాటల్ని కలిపి పదీ రాబట్టారు," అంది నెమ్మదిగా. "మీరు చేసింది తప్పు. దీన్ని పైకి రాసి పంపాలి. పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ ఏమంటే అది. మిమ్మల్ని తీసేయమనొచ్చు కూడా."

అప్పుడు మాస్టారి భార్య తన నలభై జవాబుల సంగతి చెప్పింది. చెప్పడం పూర్తయ్యేసరికి టైలరు భార్య తల దించుకుని ఉంది. డ్రైవరు కోడలు గోళ్ళు చూసుకుంటోంది. చిన్నక్క, "నేను కూడా కొన్ని..." అని నసిగింది. తీరా చూస్తే అందరిలోకీ లైబ్రరీ మేడమ్ తమ్ముడొక్కడే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆయనకు అబద్ధం చెప్పడం చేతకాదట.

కమిటీ జవాబు రావడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ మాస్టారు కాలుగాలిన పిల్లిలా తిరిగారు. తన మూలంగా మిగిలిన నలుగురికీ కుర్చీ పోతుందేమోనన్నదే ఆయన బెంగ. చివరికి ఫోనొచ్చింది. ఆ పది మాటల మార్కులు ఐదుగురివీ కొట్టేశారు. ఇంకో కొత్త పట్టికతో మళ్ళీ పరీక్ష, ఐదుగురికీ ఒకే రోజు, ఒకే గంటలో, వేర్వేరు గదుల్లో. తోడుమనుషులు జవాబులన్నీ మళ్ళీ చెప్పాలి. ఎవరినీ తీసేయలేదు. తామే వచ్చి ఒప్పుకున్నారన్న సంగతి డాక్టరమ్మ గట్టిగా రాసిందని పరీక్షలమ్మాయి తర్వాత చెప్పింది.

ఆ పరీక్ష రోజున మాస్టారికి కథల్లేవు, ఉపాయాల్లేవు. మాటలు చెవిలో పడుతున్నాయి, జారిపోతున్నాయి. తడి చేతుల్లోంచి బంతి జారినట్టు జారిపోతున్నాయి. మొదటిసారి రెండు, రెండోసారి మూడు, మూడోసారి నాలుగు. బల్ల కింద వేళ్ళు మడిచి ఆయనే లెక్కపెట్టుకున్నారు.

బయటికొచ్చేసరికి మిగతా నలుగురూ కారిడార్లో ఉన్నారు. లైబ్రరీ మేడమ్ అందరికంటే ముందు వచ్చేసింది.

"ఎన్ని?" అన్నారు మాస్టారు, అడగకూడదని తెలిసీ.

"రెండు," అంది మేడమ్. కానీ ఈసారి కొంగు మొహానికి వెళ్ళలేదు. "రెండే మాస్టారూ. ఒకటి తగ్గింది. కానీ బయటికొచ్చేముందు ఆ అమ్మాయి ఒకమాట అంది. మీ రెండు మాకు రెండు వందలంత విలువైనవి మేడమ్, ఎందుకంటే అవి నిజమైనవి అంది. నేను ముప్ఫయ్యేళ్ళు సరైన పుస్తకం సరైన చోట పెట్టిన మనిషిని. ఆ మాట నాకు బాగా పట్టింది."

మాస్టారు చప్పట్లు కొట్టారు. డ్రైవరు కలిశాడు, టైలరు కలిశాడు. తర్వాత ఏ గదిలోంచి ఎవరు బయటికొచ్చినా చప్పట్లే. ఎక్స్‌రేకొచ్చి దారితప్పిన ముసలాయనొకడికి కూడా పడ్డాయి. ఆయన ఆశ్చర్యపోయి అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళాడు.

ఏడాదిన్నర గడిచింది. ఆపైన మరో ఎనిమిది నెలలకు అన్ని కేంద్రాల లెక్కలూ తేలాక డాక్టరమ్మ ఐదుగుర్నీ పిలిచింది. మందు జబ్బును ఆపలేదు. మందు ఎక్కించుకున్నవాళ్ళలో జబ్బు కాస్త నెమ్మదించింది, అంతే. కొన్ని నెలల తేడా.

"కొన్ని నెలలంటే చిన్నదేం కాదు," అన్నాడు డ్రైవరు. "మా మనవరాలు నడవడానికి అన్నే నెలలు పట్టింది."

తర్వాత ఎవరికి ఏది వెళ్ళిందో చెప్పారు. డ్రైవరుకూ లైబ్రరీ మేడమ్‌కూ పెద్దక్కకూ మందు. టైలరుకూ మాస్టారికీ ఉప్పునీళ్ళు.

మాస్టారి భార్య నోరు తెరిచింది. "పద్దెనిమిది నెలలు! నెలనెలా ఎక్కించిన మర్నాడు, శుక్రవారం పొద్దున మీ మొహంలో కళ వచ్చిందని చుట్టాలందరికీ చెప్పాను కదండీ!"

"వచ్చే ఉంటుంది. ముందురోజు గురువారం కదా, వీళ్ళందర్నీ చూసొచ్చేవాణ్ణి," అన్నారు మాస్టారు.

ఉప్పునీళ్ళు ఎక్కినవాళ్ళు కావాలంటే ఇప్పుడు అసలు మందు తీసుకోవచ్చంది డాక్టరమ్మ. వాపు గురించి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. మాస్టారూ భార్యా రెండు వారాలు ఆలోచించుకున్నారు. స్కానింగు బాగుందని తేలాక సరేనన్నారు. టైలరు వద్దనుకున్నాడు, ఆయన ఇష్టం. అయినా నెలనెలా ఆ గురువారం బిస్కెట్లతో వచ్చి కిటికీ పక్కన కూర్చునేవాడు.

ఆ తర్వాత డాక్టరమ్మ మాస్టారి భార్యను ఒక పని అడిగింది. కొత్తగా చేరినవాళ్ళ తోడుమనుషులతో నెలకోసారి పది నిమిషాలు మాట్లాడమంది. ఆవిడ మొదట బెదిరింది. ఫోనులో అయితే ఎంతమందితోనైనా మాట్లాడగలదుగానీ, ఎదురుగా మొహాలుంటే ఎలా? రెండుసార్లయ్యాక అలవాటు పడిపోయింది. ఇప్పుడు ఆవిడ కోసం కుర్చీలు సరిపోక పక్కగది నుంచి తెస్తున్నారు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పండి," అంటుందావిడ ఆ మెత్తటి గొంతుతోనే. "పరువు పోతుందనుకోకండి. నేను ఏడాదిపాటు అలాగే అనుకుని దాచాను. ఇప్పుడు చూడండి, మీకు ముక్కూమొహం తెలియని నేను చెప్తున్నాను. పోయిన వారం మా ఆయన కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టి, రెండు గంటలు ఇల్లంతా వెతికారు."

గది వెనక వరసలోంచి మాస్టారు చేయెత్తారు. వద్దన్నా ప్రతిసారీ వచ్చి అక్కడే కూర్చుంటారు.

"పోయిన వారం కాదు," అన్నారు కిటికీ అద్దాలు అదిరేలా. "మొన్న!"

కొత్తగా వచ్చినవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ మాట్లాడడం ఆపి వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టుకుంది.

"నిజమే," అంది. "మొన్ననే."